మూడు రోజులు మెత్తగా: యూదుల ఉగాది తేనె కేకు వెనుక రసాయనం

గుంటూరు నగరానికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో, చేబ్రోలు మండలంలోని కొత్తారెడ్డిపాలెంలో తెలుగు మాతృభాషగా గల ఒక చిన్న యూదు సమాజం నివసిస్తోంది. తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకొనే ఈ కుటుంబాలవారు, క్రీ.పూ. 8వ శతాబ్దంలో అస్సీరియా సామ్రాజ్యం ఇజ్రాయెల్ ఉత్తర రాజ్యాన్ని కూల్చినప్పుడు చెదిరిపోయిన గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిమ్ గోత్రం తమ మూలమని విశ్వసిస్తారు. చాలావరకు మాదిగ కుటుంబాలకు చెంది, వ్యవసాయ కూలిపై ఆధారపడి జీవించే వీరికి ష్ముయెల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే సోదరులు నాయకత్వం వహించగా, 1991లో అక్కడ యూదుల ప్రార్థనాలయమైన సినగాగ్ ఏర్పడింది. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే మానవశాస్త్రవేత్తలు ఈ సమాజాన్ని పరిశీలించి 2013లో ఒక గ్రంథం వెలువరించారు. వంశమూలం గురించిన చర్చ ఆ గ్రంథానికి చెందినది. ఈ వ్యాసం దృష్టి యూదులు తమ కొత్త సంవత్సరానికి చేసుకొనే తేనె కేకుపైన, దానిని గుంటూరు వంటింట్లో చేయబూనితే ఎదురయ్యే రసాయన, భౌతిక శాస్త్ర విషయాలపైన నిలుస్తుంది.

యూదుల కొత్త సంవత్సరాన్ని రోష్ హషానా అంటారు. అది తిష్రీ మాసపు మొదటి రెండు రోజులలో వస్తుంది. వారి పంచాంగం కూడా తెలుగు పంచాంగంలాగే చంద్రుని నెలలను సూర్యుని సంవత్సరంతో కలిపి నడిపించేది కాబట్టి, పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు ఒక అధిక మాసాన్ని చేర్చి లెక్క సరిచేసుకుంటుంది. రెండు పంచాంగాలలోనూ నెల అమావాస్య తరువాతే మొదలవుతుంది గనుక ఈ పండుగ చాలా ఏళ్లలో ఆశ్వయుజ శుద్ధ పాడ్యమికి, అంటే దసరా నవరాత్రుల ఆరంభానికి, ఒకటి రెండు రోజుల తేడాలో పడుతుంది. 2022 సెప్టెంబరు 26న, 2024 అక్టోబరు 3న రెండూ ఒకే రోజున మొదలయ్యాయి. 2023లో తెలుగువారికి అధిక శ్రావణం రావడంతో దసరా వెనక్కు జరిగి, రోష్ హషానా సెప్టెంబరు 16నే, వినాయక చవితికి కాస్త ముందుగా వచ్చింది. ఏ విధంగా చూసినా అది నైరుతి రుతుపవనాల చివరి దశ. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల గాలిలో తేమ నిండి ఉండే కాలం. ఈ తేమ సంగతి కేకు నిల్వ దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

రాబోయే సంవత్సరం తీయగా సాగాలన్న కోరికతో ఆ రోజున తీపి తినడం యూదులందరికీ ఉన్న ఆచారమే అయినా, తీపి మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఆపిల్ ముక్కను తేనెలో ముంచి తినడం, లేకఖ్ అనే తేనె కేకు చేయడం మధ్య, తూర్పు ఐరోపాలలో స్థిరపడిన అష్కెనాజీ యూదుల అలవాట్లు. మహారాష్ట్రలోని బెనె ఇజ్రాయెల్ అనే పాత యూదు సమాజం ఇదే పండుగకు గోధుమ పాలు, కొబ్బరి పాలు కలిపి ఉడికించి హల్వా చేస్తుంది. ఐరోపా తేనె కేకుకూ కొంకణపు హల్వాకూ రూపంలో ఏ పోలికా లేదు గాని, రెండింటిలోనూ ఆవుపాలు, గేదెపాలు, నెయ్యి, వెన్న ఉండవు. మాంసాన్నీ పాల పదార్థాలనూ ఒకే భోజనంలో కలపకూడదన్నది యూదుల ఆహార నియమం. ఇటు పాలకూ అటు మాంసానికీ చెందని గుడ్డు, పిండి, నూనె, తేనె వంటి పదార్థాలను వారు పారెవ్ అనే మూడో వర్గంగా లెక్కిస్తారు. పండుగ భోజనంలో మాంసం ఉంటే దాని వెంట తినే తీపి పారెవ్ కావలసిందే. అందుకే ఒక సమాజం కొబ్బరి పాలను, మరొకటి నూనెను ఆశ్రయించాయి.

రెండో నియమం నిప్పుకు సంబంధించినది. పండుగ రోజున కొత్తగా నిప్పు రాజేయకూడదు. ముందే వెలుగుతున్న మంటపై వండుకోవచ్చు. శనివారమైన సబ్బాతునాడు అదీ కుదరదు. యూదుల దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి వంటలో చాలా భాగం ముందు రోజు పొద్దుగూకేలోగానే పూర్తి చేసుకుంటారు. 2024లో జరిగినట్టు పండుగ గురు, శుక్రవారాల్లో వస్తే, వెంటనే సబ్బాతు కూడా కలిసి మూడు రోజులవుతుంది. అంటే ఈ కేకు వెన్న లేకుండా తయారు కావాలి, ముందే కాలాలి, మూడో రోజుకు కూడా ఎండిపోకుండా ఉండాలి. శాస్త్రం ఈ నియమాలను విధించలేదు. కానీ ఈ మూడు షరతులకూ తేనె, నూనెల జంట చక్కగా సమాధానం ఇస్తుంది. ఐరోపా వంటింట్లో ఈ కేకు శతాబ్దాల పాటు నిలవడానికి సంప్రదాయం మీది ప్రేమతో పాటు ఈ పొందిక కూడా ఒక కారణం కావచ్చు.

ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది. గుంటూరులోని బ్రాడీపేటలోనే కాదు, తెలుగునాట ఏ బేకరీలో హనీ కేక్ అని అడిగినా సాధారణంగా దొరికేది వేరే వస్తువు. మామూలు స్పాంజి కేకును కాల్చి, దానిపై పంచదార, తేనె కలిపిన పాకం పోసి నానబెట్టి, పైన జామ్ పూసి కొబ్బరి పొడి చల్లుతారు. అక్కడ తేనె కాలిన తరువాత వచ్చి చేరిన తడి మాత్రమే. లేకఖ్‌లో తేనె పిండిలోనే కలిసి, పొయ్యి వేడిలో పిండితో, గుడ్డుతో, సోడాతో చర్య జరుపుతుంది. రంగు, పొంగు, మెత్తదనం మూడింటిలోనూ దాని చేయి ఉంటుంది.

తేనె సంగతి చూస్తే, పూల మకరందంలో ఎక్కువగా ఉండేది సుక్రోజ్, అంటే పంచదార అణువు. తేనెటీగ దానిని తన తేనె సంచిలో గూటికి తెస్తున్నప్పుడే ఇన్వర్టేజ్ అనే ఎంజైమును కలుపుతుంది. ఎంజైమంటే రసాయన చర్యను వేగవంతం చేసే ప్రొటీను. అది సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. గూటిలో ఈగలు రెక్కలు ఆడించి నీటిని ఆవిరి చేయగా చివరికి మిగిలే తేనెలో సగటున 38 శాతం ఫ్రక్టోజు, 31 శాతం గ్లూకోజు, 17 శాతం నీరు ఉంటాయి. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే మరో ఎంజైము కొంత గ్లూకోజును గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తుంది. అందువల్ల తీపిలో కప్పబడి నాలుకకు తెలియకపోయినా, తేనె నిజానికి పుల్లని పదార్థం. ఆమ్లతను కొలిచే పీహెచ్ మానంలో దాని సగటు విలువ 3.9.

యూదు ధర్మశాస్త్రంలో తేనెటీగ తినదగని ప్రాణి. తినదగని ప్రాణి నుంచి వచ్చినదీ తినదగదన్న సూత్రం ఉండగా తేనె ఎలా ఆమోదయోగ్యమైందన్న ప్రశ్నను తాల్ముద్ అనే ప్రాచీన ధర్మ చర్చల సంకలనం ఎత్తుకుని, ఈగ తేనెను తన శరీరం నుంచి పుట్టించదు, పూల నుంచి తెచ్చి దాస్తుంది అన్న సమాధానాన్ని నమోదు చేసింది. ఆధునిక జీవశాస్త్రం ఇందులో కొంత సమర్థిస్తుంది, కొంత సవరిస్తుంది. తేనె సంచి జీర్ణాశయానికి ముందే ఉండే వేరే అర. రెండింటి మధ్యనున్న కవాటం మకరందాన్ని జీర్ణాశయంలోకి పోకుండా ఆపుతుంది. ఎంజైములు మాత్రం ఈగ తల భాగంలోని గ్రంథుల నుంచే వస్తాయి. సూక్ష్మదర్శిని లేని కాలంలో ఆ పండితుల పరిశీలన అంత దగ్గరగా వెళ్లడం ఆదరించదగిన విషయం. ఆ నేలపై తేనెటీగల పెంపకం ఎంత పాతదో 2007లో తేలింది: జెరూసలేం హిబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన అమిహాయ్ మజార్ ఇజ్రాయెల్‌లోని తెల్ రెహోవ్ తవ్వకాలలో, గడ్డి కలిపిన మట్టితో చేసిన సుమారు మూడు వేల ఏళ్లనాటి తేనెటీగల గూళ్ల వరుసలను బయటపెట్టాడు.

గుంటూరు వాసికి తేనె రెండు దిక్కుల నుంచి వస్తుంది. పశ్చిమాన ప్రకాశం జిల్లా సరిహద్దుల్లో నల్లమల అడవి ఉంది. కొండచరియలకు, చెట్ల కొమ్మలకు వేలాడే పెద్ద తేనెపట్లను కోసి తేనె తీయడం అక్కడి చెంచుల తరతరాల వృత్తి. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనులు సేకరించిన తేనెను కొని, శుద్ధి చేసి అమ్ముతుంది. మరో దిక్కు మైదానమే. పత్తి మొక్కలో పువ్వుతో పాటు ఆకు అడుగున ఉండే చిన్న గ్రంథులు కూడా మకరందం స్రవిస్తాయి. పత్తి తేనెలో గ్లూకోజు పాలు ఎక్కువ కావడం వల్ల అది త్వరగా పేరుకుపోయి పలుకులు కడుతుంది. పలుకు కట్టిన తేనెను కల్తీగా అనుమానించి పారబోసేవారు చాలామంది ఉన్నారు. నీటిలో ఇమడలేని గ్లూకోజు స్ఫటికాలుగా విడిపోవడమే అది, కేకుకు ఏ లోపమూ చేయదు.

కేకు పొంగడంలో తేనె ఆమ్లానికి వంటసోడా తోడవుతుంది. సోడియం బైకార్బొనేట్ ఆమ్లంతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వాయువు విడుదలై పిండిలో బుడగలుగా చిక్కుకుంటుంది. కొన్ని వంట పుస్తకాలు ఇంతవరకే చెప్పి, చెంచా నిండుగా సోడా వేయమంటాయి. లెక్క వేస్తే అది ఎక్కువని తెలుస్తుంది. సగటు తేనె కిలోలో ఉన్న ఆమ్లాన్ని తటస్థం చేయడానికి సుమారు రెండున్నర గ్రాముల సోడా సరిపోతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ ఆమ్లత ఉన్న తేనెకైనా నాలుగు గ్రాములకు కాస్త పైన చాలు. 240 మిల్లీలీటర్ల కప్పు తేనె 340 గ్రాములు తూగుతుంది కాబట్టి దానికి కావలసిన సోడా ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల లోపే. అంటే పావు టీస్పూను. ఆ పావు చెంచా ఆమ్లంతో పూర్తిగా కలిస్తే మూడు వందల మిల్లీలీటర్లకు మించిన వాయువు పుడుతుంది. చెంచా నిండా వేస్తే, దాదాపు ఐదు గ్రాములలో అధిక భాగానికి ఆమ్లం దొరకక, 80 డిగ్రీలు దాటిన వేడిలో తనంతట తాను విడిపోయి సగం వాయువునే ఇచ్చి, సోడియం కార్బొనేట్ అనే గాఢ క్షారాన్ని కేకులో వదిలిపెడుతుంది. సబ్బును తలపించే రుచి దాని నుంచి వచ్చేదే. పొంగు చాలదనిపిస్తే, ఆమ్లాన్ని తనలోనే కలిగి ఉండే బేకింగ్ పౌడరుతో ఆ కొరత తీర్చుకోవడం మేలు. కల్తీ తేనె విషయం కూడా ఈ లెక్కకే ముడిపడి ఉంది. దేశంలో అమ్ముడయ్యే పలు తేనెలలో చక్కెర పాకాలు కలుస్తున్నాయని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020లో వెల్లడించింది. అటువంటి పాకంలో తేనెకున్న ఆమ్లం ఉండదు కాబట్టి, నాలుకను మోసగించిన కల్తీ కేకు పొంగులో, చివరి రుచిలో బయటపడవచ్చు.

ఈ కేకు ముదురు గోధుమ రంగుకు రెండు చర్యలు కారణం. చక్కెరలూ ప్రొటీన్ల మూలకణికలైన అమైనో ఆమ్లాలూ వేడిలో కలిసి రంగునూ సువాసననూ ఇచ్చే వందలాది పదార్థాలుగా మారడాన్ని, 1912లో దానిని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మెయ్యార్ పేరిట మెయ్యార్ చర్య అంటారు. పంచదార ఈ చర్యలో నేరుగా పాల్గొనలేదు, ముందు విడిపోవాలి. తేనెలో ఈగలే ఆ పని ముగించి ఉన్నందున గ్లూకోజు, ఫ్రక్టోజు వెంటనే రంగంలోకి దిగుతాయి. రెండోది చక్కెర తానే మాడి కారమెల్ కావడం; పంచదారకు 160 డిగ్రీల వేడి కావాలి, ఫ్రక్టోజుకు 110 డిగ్రీలు చాలు. అందుకే మామూలు కేకును 180 డిగ్రీల వద్ద కాల్చే పొయ్యిని తేనె కేకుకు 160, 165 డిగ్రీలకు తగ్గించాలి. లేకపోతే పైభాగం నల్లబడి లోపల పచ్చిగా మిగులుతుంది. చక్కెర ఎక్కువైనప్పుడు పిండిలోని స్టార్చి రేణువులు నీరు పీల్చి ఉబ్బడానికి మరింత వేడి కోరుతాయి కాబట్టి ఈ కేకు నెమ్మదిగా, ఎక్కువసేపు కాలవలసి ఉంటుంది.

తేనెను వేడి చేస్తే విషమవుతుందన్న భయం తెలుగు ఇళ్లలో బలంగా ఉంది. ఆయుర్వేదం వేడి తేనెను నిషేధించింది. ఆ మాటను గౌరవించే పాఠకుడికి రసాయన శాస్త్రం ఏమంటుందో కూడా తెలియాలి. తేనె వేడెక్కినా, చాలాకాలం నిల్వ ఉన్నా అందులో హైడ్రాక్సీ మిథైల్ ఫర్‌ఫ్యురాల్ అనే పదార్థం పెరుగుతుంది. దీనిని తేనె తాజాదనానికి కొలతగా వాడతారు. అంతర్జాతీయ ప్రమాణం కిలోకు 40 మిల్లీగ్రాములు. ఎండ కారణంగానే అది పెరిగే ఉష్ణదేశాల తేనెకు 80 వరకు మినహాయింపు ఉంది. ఇదే పదార్థం వేయించిన కాఫీ గింజలలో, ఎండిన పండ్లలో అంతకన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. మామూలుగా తినే మోతాదులో అది మనిషికి హాని చేస్తుందన్న రుజువు లేదు. పండుగకు రెండు ముక్కల కేకు తినడానికి జంకనక్కరలేదు. వేడికి పోయేది తేనెలోని ఎంజైములు, లేత పూల వాసన. కాబట్టి ఖరీదైన తేనెను కేకుకు వెచ్చించడం వృథా.

ఈ కేకు అసలు బలం నిల్వలో ఉంది. కేకు గట్టిపడడానికి తడి ఆరిపోవడం ఒక కారణమైతే, ఉడికినప్పుడు విచ్చుకున్న స్టార్చి అణువులు చల్లారాక తిరిగి పొందికగా పేరుకోవడం మరో కారణం. ఫ్రక్టోజుకు నీటిని పట్టి ఉంచే గుణం చక్కెరలన్నింటిలోకీ ఎక్కువ. అది తడిని ఆరనివ్వదు, స్టార్చి పేరుకోవడాన్నీ ఆలస్యం చేస్తుంది. వెన్న చల్లారితే గడ్డకట్టి కేకును బిరుసుగా చేస్తుంది; నూనె ద్రవంగానే ఉండిపోతుంది. కాల్చిన రోజున కాస్త పొడిగా, మసాలా ఘాటుగా అనిపించే ముక్క మర్నాటికి, తేమ లోపలి నుంచి పైపొరకు సమంగా పరచుకున్నాక, మెత్తబడి రుచి కుదురుతుంది.

అయితే చలిదేశపు ఈ లెక్కను గుంటూరులో యథాతథంగా వాడకూడదు. తేనె చుట్టూ ఉన్న గాలి తేమ అరవై శాతానికి మించితే అది గాలి నుంచి నీటిని లాక్కోవడం మొదలుపెడుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల కోస్తా గాలి తరచూ ఆ హద్దు దాటుతుంది గనుక మూత లేని కేకు పైపొర జిగటగా మారి, నాలుగైదు రోజుల్లో బూజుకు చోటిస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆగుతుంది గాని, స్టార్చి పేరుకోవడం 4 డిగ్రీల దరిదాపుల్లోనే అతి వేగంగా సాగుతుంది కాబట్టి మెత్తదనం పోతుంది. మూడు రోజులకు సరిపడా మాత్రమే చేసి, పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో బయటే ఉంచడం ఇక్కడి వాతావరణానికి తగిన పద్ధతి. దాల్చినచెక్క, లవంగాలలోని తైలాలు బూజును కొంత అడ్డుకుంటాయి. ఈ మసాలాలు ఐరోపా కేకులోకి వెళ్లినదే హిందూ మహాసముద్రపు వర్తకం వల్ల. 12వ శతాబ్దంలో మంగళూరులో నివసించిన అబ్రహాం బెన్ యిజూ అనే యూదు వర్తకుని లేఖలు కైరో సినగాగ్‌లో భద్రంగా మిగిలి ఆ వర్తకానికి సాక్ష్యమిస్తున్నాయి.

ఇక తయారీ. కప్పు తేనెకు 300 గ్రాముల మైదా, 100 గ్రాముల పంచదార, మూడు గుడ్లు, అరకప్పు పొద్దుతిరుగుడు నూనె, 150 మిల్లీలీటర్ల చల్లారిన కాఫీ డికాషన్, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడరు, పావు టీస్పూను వంటసోడా, దాల్చినచెక్క, లవంగం, శొంఠి పొడులు కావాలి. ఐరోపా యూదుల వంటకాలలో చిక్కటి కాఫీ గానీ టీ గానీ కలపడం ఉంది. దాని చేదు తీపి వెగటును విరుస్తుంది. పాలు కలపని ఫిల్టరు డికాషన్ ఆ పనికి చక్కగా అమరుతుంది. మైదాను పురుగు లేకుండా జల్లించడం, ఒక్కో గుడ్డును విడిగా గిన్నెలో కొట్టి రక్తపు చుక్క లేదని చూసుకొని కలపడం యూదు వంటింట్లో నియమం. తడి పదార్థాలను బాగా గిలకొట్టి, మైదా చేరాక మాత్రం పలుకులు పోయేవరకే కలపాలి. ఎక్కువ కలిపితే గ్లూటెన్ అనే గోధుమ ప్రొటీను సాగి కేకు రబ్బరులా అవుతుంది. ఓవెన్ లేని ఇంట్లో పాత కుక్కరు అడుగున ఉప్పు గానీ ఇసుక గానీ పరిచి, గాస్కెట్, విజిల్ తీసేసి, నీళ్లు పోయకుండా పది నిమిషాలు వేడెక్కించి, స్టాండుపై కేకు గిన్నె పెట్టి సన్నని సెగన గంటసేపు ఉంచితే చాలు. ఉప్పు పొర వేడిని సమంగా పంచుతుంది. విజిల్ తీసివేయడం వల్ల ఆవిరి నిలవక పొడి వేడి దొరుకుతుంది. మధ్యలో గుచ్చిన పుల్లకు పిండి అంటకపోతే కేకు కాలినట్టు.

చివరిగా పసిపిల్లలున్న ఇళ్లకు ఒక హెచ్చరిక అవసరం. బిడ్డ నాలుకకు తేనె రాయడం తెలుగునాట పాత ఆచారం. కానీ తేనెలో క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగులలో మొలకెత్తలేని ఆ బీజాలు ఏడాది లోపు శిశువుల పేగులలో పెరిగి, కండరాలను చచ్చుబరిచే విషాన్ని విడుదల చేయగలవు. వాటిని చంపడానికి అధిక పీడనంలో 121 డిగ్రీల వేడి కావాలి. పొయ్యి ఎంత మండినా, నీరు మిగిలి ఉన్నంతవరకు కేకు లోపలి వేడి 100 డిగ్రీలు దాటదు. అందువల్ల పండుగ ఏదైనా, తేనె ఎంత స్వచ్ఛమైనదైనా, ఏడాది నిండని బిడ్డకు తేనె గానీ తేనె కేకు గానీ పెట్టవద్దు.